తాత యుద్ధంలో ఏం చేశారో తెలుసుకునేదెలా? (పాఠకుల ప్రశ్నలు, మాజీ సుబేదారు జవాబులు)

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మొదటిది పెద్దది. దాన్ని కుదించకుండా వేయమని ఎడిటర్ గారిని నేనే అడిగాను. జవాబు కూడా పెద్దదే అయింది.

ప్రశ్న: సుబేదారు గారికి నమస్కారం. మాది బొబ్బిలి దగ్గర పల్లెటూరు. నేను విజయనగరంలో ఉద్యోగం చేస్తున్నాను. మా తాతగారు, అంటే మా నాన్న తండ్రి, పోయిన కార్తీకంలో కాలం చేశారు. ఊరందరికీ ఆయన మిలట్రీ తాత. అసలు పేరుతో ఎవరూ పిలిచేవారు కాదు. 1971 యుద్ధంలో ఉన్నారని తెలుసు, అంతకు మించి తెలీదు. ఎంత అడిగినా "బ్రిడ్జి కట్టాం, మనవాళ్లు దాటారు" అనేవారు. చివరి రోజుల్లో ఆస్పత్రిలో నర్సు పేరు అడిగితే ముందు ఏదో నంబరు చెప్పి, తర్వాత పేరు చెప్పారు. మేం ఫోన్ నంబరేమో అనుకున్నాం.

ఊళ్లో ఏ బరువు ఎత్తాలన్నా ఆయన్నే పిలిచేవారు. రామాలయం ధ్వజస్తంభం ఎత్తిన రోజు మగాళ్లందర్నీ వరసలో నిలబెట్టి, ఎత్తులు చూసి జతలు కట్టారని ఇప్పటికీ చెప్పుకుంటారు. గెడ్డ మీద తాటి దుంగలతో దారి వేసినప్పుడు తానే ముందు నడిచి, ఒక్కో దుంగనీ మడమతో తన్ని చూశాకే మా పిల్లల్ని దాటనిచ్చేవారు.

సంవత్సరీకం దగ్గరకొచ్చింది. మా బాబాయిలు, ఊరి కుర్రాళ్లు పెద్ద ఫ్లెక్సీ చేయిస్తున్నారు. దాని మీద యుద్ధ విమానాలు, తుపాకీ పట్టుకున్న ఎవరో జవాను, మధ్యలో మా తాత పాస్‌పోర్టు ఫొటో. నాకు మనసొప్పడం లేదు. ఆయన ట్రంకు పెట్టెలో డిశ్చార్జి బుక్కు, నాలుగు పతకాలు, ఆరుగురు నిలబడి ఉన్న పాత ఫొటో, మా మామ్మకు రాసిన ఉత్తరాలు ఉన్నాయి. బుక్కు నిండా ఇంగ్లీషు పొట్టి అక్షరాలు. జిల్లా కూడా శ్రీకాకుళం అని తప్పు రాశారు. ఆయన ఏం చేశారో ఎలా తెలుసుకోవాలి? ఏం చేస్తే ఆయనకు తగ్గట్టుగా ఉంటుంది?

జవాబు: అమ్మా, ఎత్తులు చూసి జతలు కట్టారన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. మీ తాతగారు ఏ దళంలో చేశారో మీరు రాయలేదు. బ్రిడ్జి సంగతి, ఈ జతల సంగతి కలిపి చూస్తే ఆయన ఇంజనీర్స్‌లో సాపర్, అంటే వంతెనలు కట్టి, దారులు చేసే జవాను, అని నాకు నమ్మకం కుదిరింది. మన తెలుగువాళ్లు ఎక్కువగా చేరేది మద్రాస్ సాపర్స్‌లో. 1780లో మద్రాస్ పయనీర్లుగా మొదలైన దళం అది. బెంగళూరులో అల్సూరు చెరువు దగ్గర దాని సెంటర్. అక్కడ తెలుగువాడైనా, తమిళుడైనా, మలయాళీ అయినా, అందరూ "తంబి"లే. నేనూ ఆ తంబిల్లో ఒకణ్ణి.

జతలు ఎందుకు కడతారో చెప్తాను. బెయిలీ బ్రిడ్జి అని ఒకటుంది. ఇనుప ప్యానెళ్లను పిన్నులతో ఒకదానికొకటి బిగించి, ఇవతలి గట్టున కట్టుకుంటూ, రోలర్ల మీద అవతలి గట్టుకు తోస్తారు. ఒక్కో ప్యానెల్ పది అడుగుల పొడవు, అయిదు అడుగుల ఎత్తు, రెండున్నర క్వింటాళ్లకు పైగా బరువు. దాని కింద కడ్డీలు దూర్చి ఆరుగురు మోస్తారు. వాళ్ల ఎత్తులు కలవకపోతే బరువు ఒకడి మీదే పడి వాడి నడుం పోతుంది. చెయ్యి జారితే కాలి వేళ్లు నలిగిపోతాయి. శత్రువు దగ్గర్లో ఉంటే ఇదంతా చీకట్లో, దీపం వెలిగించకుండా, గట్టిగా కేక వేయకుండా చేయాలి. మీ ఊరి ధ్వజస్తంభం దగ్గర ఆయన చేసింది ఆ పనే. ఫొటోలో ఆరుగురు ఉన్నారన్నారు కదా, వాళ్లు ఒక ప్యానెల్ మోసిన జట్టు అయి ఉండొచ్చు. ఫొటో వెనక్కి తిప్పి చూడండి. పెన్సిల్‌తో పేర్లో, ఊరో, తేదీయో రాసి ఉంటే అదే మీకు మొదటి ఆధారం.

ఇక పతకాలు. వాటిలో పూర్వీ స్టార్ ఉంటే ఆయన 1971లో తూర్పు వైపు ఉన్నట్టు. పశ్చిమీ స్టార్ ఉంటే పడమటి వైపు. సంగ్రామ్ మెడల్ కూడా ఆ యుద్ధానిదే. 1972 ఆగస్టు 15 నాటికి సర్వీసులో ఉన్నవాళ్లకు 25వ స్వాతంత్ర్య వార్షికోత్సవ పతకం ఇచ్చారు. 1965 నాటికే చేరి ఉంటే రక్షా మెడల్ ఉండొచ్చు. సంగ్రామ్ మెడల్‌ను వెలుతురులో పక్కకు తిప్పి, అంచు మీద భూతద్దం పెట్టి చూడండి. నంబరు, ర్యాంకు, పేరు సన్నగా చెక్కి ఉంటాయి. ఆస్పత్రిలో నర్సుకు ఆయన చెప్పింది ఆ నంబరే అయి ఉంటుంది. రిక్రూటుగా చేరగానే మాకు బుర్రకెక్కించేది అదే: నంబరు, ర్యాంకు, పేరు, ఆ వరసలో. నిద్రలో లేపి అడిగినా అలాగే చెప్తాం. ఒక్క జాగ్రత్త. మెరవాలని పతకాలను బ్రాసో పెట్టి తోమకండి, ఆ అక్షరాలు అరిగిపోతాయి. మెత్తటి పొడి గుడ్డతో తుడిస్తే చాలు.

జిల్లా తప్పు రాయలేదమ్మా. విజయనగరం జిల్లా ఏర్పడింది 1979లో. అంతకు ముందు బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం, చీపురుపల్లి వైపు ఊళ్లు శ్రీకాకుళం జిల్లాలో ఉండేవి. విజయనగరం, గజపతినగరం, శృంగవరపుకోట వైపు ఊళ్లు విశాఖపట్నం జిల్లాలోవి. మీ తాత చేరేనాటికి మీ ఊరు శ్రీకాకుళం జిల్లాదే. దీన్ని ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, చాలా కుటుంబాలు దరఖాస్తులో ఇప్పటి జిల్లా మాత్రమే రాసి, పాత రికార్డుతో కలవక తిప్పలు పడుతున్నాయి. రెండూ రాయండి. పార్వతీపురం, సాలూరు వాళ్లయితే 2022లో వచ్చిన మన్యం జిల్లా పేరు కూడా చేర్చాలి.

ఉత్తరాల మీద "కేరాఫ్ 99 ఏపీవో" (ఏపీవో అంటే ఆర్మీ పోస్టాఫీసు) అని ఉంటే అవి తూర్పు సరిహద్దు నుంచి వచ్చినవి. 56 ఏపీవో అయితే పడమటి, ఉత్తర సరిహద్దుల వైపువి. మేం ఎక్కడున్నదీ ఇంటికి రాయకూడదు. అందుకే ఊరి పేరుకు బదులు ఆ నంబరు ఉంటుంది. తారీఖుల వారీగా పేర్చి, లోపలి విషయం చదవడానికి మామ్మ అనుమతి తీసుకోండి. అవి ఆవిడ ఉత్తరాలు.

డిశ్చార్జి బుక్కులో ఆయన ఏ యూనిట్లలో పనిచేశారో, ఏ ట్రేడో ఉంటుంది. ఇంజనీర్స్‌లో వడ్రంగి, కమ్మరి, తాపీ మేస్త్రీ ఇలా ట్రేడులుంటాయి. అర్థం కాని పొట్టి అక్షరాలున్న పేజీని దగ్గరలోని మాజీ సైనికుల్లో ఎవరికి చూపించినా చదివి చెప్తారు. ఆ తర్వాత మామ్మ సంతకంతోనో వేలిముద్రతోనో ఆయన సర్వీసు వివరాలు కోరుతూ రికార్డు ఆఫీసుకు ఒక ఉత్తరం పెట్టండి. డిశ్చార్జి బుక్కు నకలు, మరణ ధ్రువపత్రం జత చేసి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పంపితే మంచిది. ఏ దళం వాళ్లకు ఆ దళం రికార్డు ఆఫీసు ఉంటుంది. మద్రాస్ సాపర్స్‌ది బెంగళూరులోనే.

ఇప్పుడు ఆయన మాట సంగతి. "బ్రిడ్జి కట్టాం, మనవాళ్లు దాటారు." మీకు అది తప్పించుకునే జవాబులా అనిపించింది. నాకు మాత్రం ఆ యుద్ధం సగం అందులోనే కనిపించింది. తూర్పు పాకిస్తాన్, అంటే ఇప్పటి బంగ్లాదేశ్, నిండా నదులు, కాలువలు, చిత్తడి. యుద్ధం డిసెంబరు 3న మొదలైంది. 16న ఢాకా రేస్‌కోర్సు మైదానంలో పాకిస్తాన్ జనరల్ నియాజీ మన జనరల్ అరోరా ఎదుట లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టాడు. 93,000 మంది బందీలయ్యారు. రెండు వారాల్లోపు అంత దూరం వెళ్లడమంటే ఎన్ని ఏర్లు దాటాలో ఊహించండి. వెనక్కి తగ్గుతున్న సైన్యం వంతెనలు పేల్చుకుంటూ పోయింది. మేఘనా నది మీద అశుగంజ్ రైలు వంతెన అలాగే పోయింది. అప్పుడు డిసెంబరు 9 నుంచి మన జవాన్లను హెలికాప్టర్లలో నది దాటించారు. ఆ సంగతి పుస్తకాల్లో ఉంటుంది. కానీ లారీలు, ఫిరంగులు, మందుగుండు, బియ్యం బస్తాలు హెలికాప్టర్లలో ఎన్నని పోతాయి? వాటికి వంతెనో, బల్లకట్టో కావాలి. పడమట శకర్‌గఢ్ వైపు బసంతర్ నది దగ్గర కూడా మన ట్యాంకులు దాటడానికి మందుపాతర్ల మధ్య దారి చేసింది ఇంజనీర్లే. సాపర్ పని బాగా జరిగితే వెనకొచ్చేవాడు ఆగకుండా దాటిపోతాడు. కట్టినవాడి ముఖం కూడా చూడడు. మీ తాత తన పని గురించి సరిగ్గా, పూర్తిగా చెప్పారమ్మా.

ఇక్కడ మా ఉస్తాద్ గురించి రాయాలి. నేను రిక్రూటుగా బెంగళూరులో దిగినప్పుడు నాకు హిందీ రాదు, ఇంగ్లీషు రాదు. మాకు ముడులు నేర్పే హవల్దారు మన ఉద్దానం మనిషి. నా యాస విని "ఏ ఊరు తమ్ముడూ" అన్నాడు. ఆ పూట నాకు అన్నం సహించింది. కళ్లకు గుడ్డ కట్టి తాడు ముడులు వేయించేవాడు. "రాత్రి నీకు కళ్లుండవు, వేళ్లే ఉంటాయి" అనేవాడు. 1971లో తూర్పున ఉన్నవాడే. ఏ నదో అడిగితే పేరు చెప్పేవాడు కాదు. నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయో చెప్పేవాడు, డిసెంబరు కదా.

పెన్షన్ మీద ఇంటికొచ్చి జీడితోట, కొబ్బరి చూసుకున్నాడు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస తీరంలో దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస, ఏవీ మిగల్లేదు. రోడ్డంతా చెట్లే. అప్పటికి ఆయనకు డెబ్బై దాటాయి. గాలి తగ్గగానే తన తోట వైపు వెళ్లలేదు. గొడ్డలి, రంపం, మోకులు తీసుకుని కుర్రాళ్లను వెంటబెట్టుకుని ఊరి మొగ దగ్గర మొదలుపెట్టాడు. ఏ చెట్టు ముందు కోయాలి, ఏది లాగితే మిగతావి మీద పడతాయి, అన్నీ కర్రతో చూపించి చెప్పాడు. మధ్యాహ్నానికి ఒక ఆటో పట్టేంత దారి అయింది. ఆ దారిలో ముందు వెళ్లింది నెలలు నిండిన ఒక అమ్మాయి. ఆయన పోయాక పరామర్శకు వెళ్తే అరుగు మీద కూర్చున్నవాళ్లు నాకు చెప్పింది ఇదే కథ, ఒకరి తర్వాత ఒకరు. బిడ్డ తల్లి కూడా వచ్చింది. ఆయన్ని తలుచుకోవాలంటే వాళ్లకు బంగ్లాదేశ్ పటం అక్కర్లేకపోయింది. అయినా నేను పూనుకుని ఆయన నంబరు, యూనిట్, పతకాల పేర్లు ఒక కాగితం మీద రాయించి, ఆ తుఫాను సంగతి కిందే రాసి, ఆయన ఇంట్లో ఫ్రేము కట్టించాను. రెండూ ఒక మనిషివే కదా.

మీరూ అదే చేయండి. ఫ్లెక్సీ వద్దని బాబాయిలతో గొడవ పడకండి, వాళ్లదీ ప్రేమే. విమానాలు, ఎవరో జవాను బొమ్మ తీసేయించి, ఆ ఆరుగురి ఫొటో పెద్దది చేయించండి. పాత ఫొటోను స్టూడియోలో స్కాన్ చేయిస్తే చక్కగా వస్తుంది. కింద నంబరు, ర్యాంకు, పేరు, దళం, ఊరు. దాని కింద ఆయన మాటే ఉంచండి, బ్రిడ్జి మాట. గెడ్డ దారి, ధ్వజస్తంభం రోజు చూసినవాళ్లు ఊళ్లో ఇంకా ఉన్నారు. సంవత్సరీకం భోజనాల దగ్గర వాళ్లను ఒక్కొక్కరినీ మాట్లాడించి ఫోన్లో రికార్డు చేయండి.

అన్నిటికంటే ముందు మామ్మ దగ్గర కూర్చోండి. యుద్ధం గురించి అడిగితే "నాకేం తెలుసు" అంటుంది. ఆ డిసెంబరులో ఉత్తరం రాక ఎన్నాళ్లయిందో అడగండి. ఊళ్లో రేడియో ఎవరింట్లో ఉండేది, వార్తలు వినడానికి ఎవరు వెళ్లేవారు, వరికోతలకు ఎవరు సాయం పట్టారు, మనియార్డరు ఏ తారీఖుకు వచ్చేది, సెలవులో వచ్చినప్పుడు పెట్టెలో ఏం తెచ్చేవారు అడగండి. ఆవిడ ఎలా చెప్తే అలాగే రాయండి. భాష దిద్దకండి. వీలైతే డిసెంబరులో ఆవిడను విశాఖ బీచ్ రోడ్డుకు తీసుకెళ్లండి. 1971 యుద్ధ స్మారకం "విక్టరీ ఎట్ సీ" అక్కడుంది. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది ఆ తీరానికి దగ్గర్లోనే, డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక. భర్త సరిహద్దులో ఉన్నప్పుడు యుద్ధం మన గుమ్మం దాకా వచ్చిందన్న సంగతి ఆవిడకు గుర్తుండే ఉంటుంది.

ప్రశ్న: మా నాన్నగారు 1965, 1971 యుద్ధాల్లో పనిచేశారు. ఇటీవల పోయారు. పాడె మీద జాతీయ జెండా కప్పుదామంటే మా ఊరి మాస్టారు కూడదన్నారు. కుర్రాళ్లకు కోపం వచ్చింది. చివరకు కప్పలేదు. నాన్నకు గౌరవం తగ్గించామా అని బాధగా ఉంది. (పలాస మండలం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: తమ్ముడూ, మాస్టారు చెప్పింది సరైన మాట. 1971 నాటి జాతీయ గౌరవ పరిరక్షణ చట్టం, 2002 జెండా నియమావళి రెండూ ఒకటే చెప్తున్నాయి. ప్రభుత్వ లాంఛనాలతో, సైనిక, పారామిలటరీ లాంఛనాలతో జరిగే అంత్యక్రియల్లో తప్ప జెండాను ఎక్కడా కప్పకూడదు. ఆ లాంఛనాలప్పుడు కూడా కాషాయం తల వైపు ఉండాలి, చితికి నిప్పు పెట్టేముందు జెండా తీసేయాలి. దహనంలో గానీ ఖననంలో గానీ జెండా పోకూడదు. ఇంట్లోవాళ్లు సొంతంగా కప్పడం నేరం కిందికి వస్తుంది. ఆ జెండా కోసం బతికిన మనిషి పేరు మీద అది జరగకపోవడమే మంచిది. మీ నాన్నగారుంటే ఆయనే వద్దనేవారు. ఈ మాట నేను ఊరికే ఓదార్చడానికి అనడం లేదు. జెండా మడత పెట్టడంలో అంగుళం తేడా వస్తే మా పరేడు మళ్లీ మొదటినుంచి చేయించేవారు.

ఇలాంటప్పుడు చేయదగ్గవి చాలా ఉన్నాయి. దగ్గరి ఊళ్ల మాజీ సైనికులకు కబురు పెడితే పతకాలు పెట్టుకుని వస్తారు. తెల్లటి గుడ్డ మీద ఆయన పతకాలు పరిచి పాడె ముందు పిల్లలెవరైనా పట్టుకుని నడవొచ్చు. కదిలే ముందు పాత జవాన్లు వరసగా నిలబడి సెల్యూట్ చేయొచ్చు. మీకు ఆ రోజు కుదరలేదు కాబట్టి సంవత్సరీకం రోజు ఫొటో ముందు చేయించండి.

ప్రశ్న: మా మామగారి పేరున జవాన్ల కుటుంబాలకు కొంత డబ్బు ఇవ్వాలనుంది. ఎక్కడ ఇవ్వాలి? (నరసన్నపేట)

జవాబు: డిసెంబరు 7 సాయుధ దళాల పతాక దినోత్సవం, 1949 నుంచి జరుగుతోంది. ఆ నిధి అమరుల భార్యలకు, గాయపడ్డవాళ్లకు, మాజీ సైనికుల కుటుంబాలకు వెళ్తుంది. మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి. ఏ రోజైనా ఇవ్వొచ్చు.

ప్రశ్న: మా నాన్న పోయి మూడు నెలలైంది. ఆయన పెన్షన్ ఖాతాలో ఇంకా పడుతోంది. అమ్మ పేరు పెన్షన్ కాగితంలో అప్పలనర్సమ్మ అని, ఆధార్‌లో ఎ. నర్సమ్మ అని ఉంది. అమ్మకు ఏ వయసో కచ్చితంగా ఎవరికీ తెలీదు. అది సరిచేశాకే దరఖాస్తు పెడదామని ఆగాం. (రాజాం)

జవాబు: ఆగకండి తల్లీ. ముందు ఆయన పోయిన సంగతి బ్యాంకుకు, రక్షణ శాఖ పెన్షన్ల వెబ్‌సైటు అయిన స్పర్శ్ పోర్టల్‌లో తెలియజేయండి. పోయిన రోజు తర్వాతి కాలానికి పడిన పెన్షన్ అంతా తిరిగి తీసుకుంటారు. ఖర్చు పెట్టేసి ఉంటే అమ్మకు వచ్చే దాంట్లోంచి కోత పడుతుంది. కాబట్టి ఆ డబ్బు ముట్టుకోకండి. మరణ ధ్రువపత్రం, పీపీవో (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు), డిశ్చార్జి బుక్కు, అమ్మ ఆధార్, పాన్, బ్యాంకు పాస్ బుక్కు సిద్ధం చేసుకోండి. పేరు తేడాకు రెండు పేర్లూ ఒకరివేనని అఫిడవిట్ రాయించి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా రికార్డు ఆఫీసుకు పంపాలి. వాళ్లు సరిచేసిన పీపీవో ఇస్తారు. ఇది సాగుతుండగానే ఫ్యామిలీ పెన్షన్ దరఖాస్తు కూడా పెట్టండి.

పుట్టిన తేదీ విషయం తేలిగ్గా తీసుకోవద్దు. ఫ్యామిలీ పెన్షన్ తీసుకునేవాళ్లకు 80 నిండితే 20 శాతం, 85కు 30, 90కు 40, 95కు 50, నూరేళ్లకు 100 శాతం అదనంగా వస్తుంది. పాత పీపీవోల్లో భార్య పుట్టిన తేదీ ఉండదు. ఆ ఒక్క ఖాళీ వల్ల ఎనభై దాటిన ముసలమ్మలు మామూలు పెన్షన్‌తోనే సరిపెట్టుకుంటున్నారు. పేరు దిద్దించేటప్పుడే తేదీ కూడా ఎక్కించండి. నవంబరు వచ్చేసరికి అమ్మ లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడం మరవకండి. ఈసీహెచ్ఎస్ వైద్యం కార్డు, క్యాంటీన్ కార్డు అమ్మ పేరున మార్పించుకునే హక్కు కూడా ఉంది. పీపీవో నకలు తీసి, మొదటి పేజీలో ఏం రాసి ఉందో ఈ శీర్షికకు రాయండి. ఏ దళం, ఏ రికార్డు ఆఫీసు అన్నది చూసి, ఉత్తరం ఎవరి పేరున పెట్టాలో వచ్చే నెల చెప్తాను.